కంటి కింద సుడి

నాలుగు దాటి ఐదు నిమిషాలైంది, శివాని ఐదింటికి వస్తానంది, బల్ల మీద గుర్రం ఒంటి రంగంతా ఇంకా తడిగానే ఉంది. జానెడు ఎత్తు బొమ్మ. కుడి కన్ను అయిపోయింది, ఎడమ కన్ను అయిపోయింది, చెవులు, మూతి, మెడ మీది జూలు అన్నీ అయిపోయాయి, ఎడమ కన్ను కింద వేలిగోరంత చోటు మాత్రం మిగిలింది, దేవేందర్ కుంచె అక్కడిదాకా వెళ్లి ఆగుతోంది. ఫ్యాను ఆపేశాడు, గాలికి దుమ్ము లేచి రంగుకు పట్టుకుంటుంది. కిటికీ రెక్కలు కూడా వేశాడు, ఇంటి వెనక ప్లాట్లు చదును చేస్తున్న జేసీబీకి ఆదివారం లేదు. మెడకు తువ్వాల చుట్టుకున్నా చెమట వీపు మీద దారి చేసుకుని పోతోంది. టర్పెంటైన్ వాసన గదంతా ఉంది, మొదట్లో ఈ వాసనకు తల నొచ్చేది, ఇప్పుడిది లేకపోతే ఆదివారం వచ్చినట్టుండదు, వారంలో ఆరు రోజులు డీజిల్ వాసన, ఏడో రోజు ఇది, అంతకుముందు పద్దెనిమిదేళ్లు గుర్రాల వాసన, అది చొక్కాల్లోంచి పోవడానికి ఎంతకాలం పట్టిందో గుర్తులేదు, ఒకరోజు ఉతికిన చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుంటే సబ్బు వాసన మాత్రమే వచ్చింది, ఆ రోజు అన్నం సహించలేదు, అది గుర్తుంది.

తెల్ల గుర్రం కష్టం. తెల్లదానికి తెల్ల రంగు పూస్తే సున్నం కొట్టిన గోడ అవుతుందని రత్నాకర్ సార్ మొదటి రోజే చెప్పాడు. ఆయన బడిలో పాతికేళ్లు డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. మన్నెగూడలో తమ్ముడి ప్లైవుడ్ దుకాణం మీది గదిలో నెలకో ఆదివారం పదకొండు మందిని కూర్చోబెట్టి బొమ్మ గుర్రాలకు ఆయిల్ రంగులు వేయడం నేర్పుతాడు, ఫీజు లేదు, ఎవరి కుంచెలు వాళ్లు కడుక్కోవాలి, అంతే. పొట్ట కింద కాస్త నీలం, తొడల సందున పసుపు మట్టి రంగు, మూతి దగ్గర గులాబీ, మోకాళ్ల దగ్గర బూడిద, ఇవన్నీ పలుచగా వేసి పొడి కుంచెతో ఒకదాంట్లోకి ఒకటి తోలితే అప్పుడు చూసేవాడి కన్ను దాన్ని తెలుపు అంటుంది. "ఆయిల్ రంగు మూడు దినాలు నీ మాట వింటది దేవేందర్, తొందరపడకు" అనేవాడు సార్. బొమ్మలను సంతోషి పోసి ఇస్తుంది. ఆమె తుర్కయాంజాల్‌లో కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది, పళ్ల అచ్చులు పోసే చేతులతోనే గుర్రాల అచ్చులూ పోస్తుంది. ఆ పదకొండు మందిలో నిజం గుర్రాన్ని చేత్తో ముట్టినవాడు దేవేందర్ ఒక్కడే. వెనక కాలు ఎక్కడ వంగుతుంది, డొక్కలో వెంట్రుక ఏ దిక్కుకు వాలుతుంది, కోపమొస్తే చెవి ఎంత వెనక్కి పోతుంది అని వాళ్లు అడిగేవాళ్లు, అతను చెప్పేవాడు. రంగు ఎలా కలపాలని అతను అడిగేవాడు, వాళ్లు చెప్పేవాళ్లు. అతను రంగు వేసిన మొదటి గుర్రం బర్రెలా వచ్చింది. ఎవరూ నవ్వలేదు. సంతోషి దాన్ని చాలాసేపు చూసి "అన్నా, పూటకు ఎన్ని లీటర్లిస్తది?" అంది, అప్పుడు అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు, గుర్రాల పని వదిలేశాక గుర్రం పేరు మీద నవ్వడం అదే మొదటిసారి.

ఆ గదిలో ఒక కట్టుబాటు ఉంది. తప్పులు తడి మీద ఉన్నప్పుడే చెప్పాలి. రంగు ఆరిన తర్వాత ఎవరూ తప్పు పట్టకూడదు, బాగుందని మాత్రమే అనాలి, ఆరిన తప్పును ఎత్తిచూపితే మనిషి బాధపడడం తప్ప ఒరిగేదేమీ లేదని సార్ అంటాడు. బ్యాంకులో పనిచేసే ఈశ్వరయ్య ఒకసారి ఎవరికీ చూపకుండా ఆరబెట్టుకుని తెచ్చాడు, జూలు ఒక రంగు, తోక ఇంకో రంగు, పదిమందీ బాగుందన్నారు, ఆయన ఇంటికి పోయి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "ఇంత మంచిగున్నదంటున్నరంటె ఏదో తప్పున్నది, చెప్పుండ్రి" అని బతిమాలాడు, ఎవరూ చెప్పలేదు. బొమ్మ ఎవరి కోసం వేస్తే వాళ్లను కూడా తడి మీదే పిలిచి చూపించాలి. అందుకే శివాని వస్తోంది. మూడింటికి దేవేందర్ ఫొటో తీసి వాట్సాప్ గుంపుకు పంపాడు. చెవి లోపల గులాబీ ఎక్కువైందని సంతోషి రాసింది, తుడిచి సరిచేశాడు. గిట్టలు మరీ నల్లగా ఉన్నాయని ఈశ్వరయ్య రాశాడు, సరిచేశాడు. సార్ రాయడు, మాట్లాడి పంపుతాడు. "అంతా మంచిగున్నది. ఎడమ కన్ను కింద నీ చెయ్యి ఆగింది దేవేందర్. ఎందుకాగిందో నాకు తెల్వదు. చెయ్యి ఆగిన జాగ బొమ్మల కనబడ్తది." ఆ మాటను అతను రెండుసార్లు విన్నాడు, మూడోసారి వినలేదు.

శివాని అతని బస్సెక్కే పిల్ల. కొంగరకలాన్ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీకి పొద్దుటి షిఫ్టు వాళ్లను ఇబ్రహీంపట్నంలో ఎక్కించుకుని దింపి రావడం అతని పని. ఆమెకు ఇరవై రెండేళ్లుంటాయి. బస్సు అద్దం ముందు అతను పెట్టుకున్న బొమ్మను, ఆ బర్రె గుర్రాన్నే, ఆర్నెల్లు చూసి, ఒకరోజు అందరూ దిగాక ఆగి, "కాకా, మాకు జొన్నను అమ్మింది నువ్వే గదా?" అంది. జొన్న గుర్రం పేరు. పిల్లగా ఉన్నప్పుడు పక్కవాళ్ల జొన్న చేలో దూరి తిట్లు తెచ్చేది, తిట్టేవాళ్లు పెట్టిన పేరే నిలిచింది. శివాని హన్మంత్ బిడ్డ, పదమూడేళ్ల కింద హన్మంత్ గుర్రాన్ని పట్టుకుపోతుంటే వెనక నడిచిన తొమ్మిదేళ్ల పిల్ల. జొన్న పోయినేడు చనిపోయిందని చెప్పింది, వయసైపోయి, పడుకుని, లేవలేదట. అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని విన్నాడు. "నాకొక బొమ్మ చేసిస్తవా? మా ఇంట్ల ఫొటోలున్నయి గని గట్ల వద్దు. కంటికింద మచ్చ లేకుండ కావాలె. మా ఇంటికి రాకముందు ఎట్లుండెనో గట్ల. గది నువ్వు చూసినవ్, నేను చూడలే." మచ్చ మీద రోజూ కొబ్బరి నూనె రాసేదాన్నని, వెంట్రుకలు వస్తాయేమోనని నాలుగేళ్లు రాశానని, రాలేదని చెప్పింది. వెనక బస్సువాడు హారన్ కొట్టాడు. సరే బిడ్డా అన్నాడు. మచ్చ లేని ముఖం తనకు తెలుసు, వేయగలను, అంతవరకే అనుకున్నాడు, మచ్చకు ముందు ఆ చోట ఏముండేదో ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే గుర్తొచ్చింది. మరిచిపోయాడని కాదు. పక్కన పెట్టాడు. ఇంట్లో కాలికి తగిలే పెట్టెను ఒక మూలకు జరిపితే కొన్నాళ్లకు కాలే దాని చుట్టూ తిరిగి పోవడం నేర్చుకుంటుంది.

సుడి ఉండేది. మనిషి నడినెత్తిన వెంట్రుకలు తిరిగినట్టే గుర్రానికి నుదుటి మీద, మెడ మీద, డొక్కల మీద తిరుగుతాయి. ఏ సుడి ఎక్కడుంటే ఇంటికి ఏమవుతుందో గుర్రాలు కొనేవాళ్లకు లెక్కలున్నాయి. కన్ను కింద, కన్నీరు జారే దారిలో ఉంటే అది కన్నీటి సుడి, పాతబస్తీ బేరగాళ్లు ఆంసూఢాల్ అంటారు, ఆ గుర్రాన్ని కట్టిన ఇంట్లో ఏడుపు తప్పదంటారు. జొన్న పుట్టిన పొద్దున, తల్లి ఇంకా నాకుతుండగానే, దేవేందర్ తండ్రి మల్లేశయ్య వంగి చూసి "దీన్ని ఇంట్ల ఉంచకురా" అన్నాడు. అతను ఉంచాడు. ఆరేళ్లు ఉంచాడు. పెళ్లి ఊరేగింపులకు తోలాడు, ముఖానికి పూసల జాలరు కట్టేవాడు, పెళ్లికొడుకును ఎక్కించే తొందరలో జాలరు లేపి చూసినవాడు లేడు. ఆ ఆరేళ్లలో ఇంట్లో ఏడుపు లేదు. మల్లేశయ్య మోకాళ్ల నొప్పి తగ్గి నడిచాడు. సునందకు కుట్టు మిషను వచ్చింది. కన్నీటి సుడి ఏమీ చేయదని ఇబ్రహీంపట్నంలో దేవేందర్ కంటే బాగా తెలిసినవాడు లేడు, ఇన్నేళ్లూ అతన్ని కొరికింది అదే, తెలియనివాడు చేసి ఉంటే వేరు.

తలుపును కాలితో తోసి సునంద చాయ్ తెచ్చింది. బొమ్మను చూసింది, మొగుణ్ణి చూసింది.

"ఇంకా ఆ కన్ను కాడనే ఉన్నవా? నా మొఖం ఎన్నడన్న ఇంతసేపు చూసినవా?"

"చాయ్ ఆడ పెట్టు. బల్లకు తగుల్తవ్."

"నీ నెత్తి మీద రెండు సుడులున్నయి, రెండు పెండ్లిళ్లయితయని మా అమ్మ అప్పుడే అన్నది. రెండోది ఈ గుర్రమే." గ్లాసును కిటికీ దిమ్మె మీద పెట్టి, పోకుండా నిలబడింది. "ఆ పిల్లకేం చెప్తవ్?"

"ఏం చెప్పాలె?"

"నాకేం తెల్సు. నేనప్పుడు మా అమ్మగారింట్ల ఉంటి. వచ్చేసరికి కంటికింద పుండున్నది. తీగ గీస్కపోయిందన్నవ్. మన షెడ్డుకు తీగ ఎక్కడిదయ్యా?" జవాబు కోసం ఆగలేదు, తలుపు దగ్గరికి వేసి దిగిపోయింది.

ఈ మాట ఆమె పదమూడేళ్లు అడగలేదు. తీగ లేదు. షెడ్డుకు మూడు వైపులా తడికలు, ఒక వైపు గోడ. ఆ ఏడు షెడ్డు ఉన్న జాగాను ఆసామి ప్లాట్లు చేశాడు, సాగర్ రోడ్డు పొడుగునా అదే పని, గడ్డి కోసుకునే చోట్ల హద్దు రాళ్లు లేచాయి, పెళ్లికొడుకులు పైకప్పు లేని కార్లు ఎక్కడం మొదలుపెట్టారు, మిగతా గుర్రాలు ముందే పోయాయి, జొన్న మిగిలింది. కొనడానికి ఇద్దరు వచ్చారు. ఇద్దరూ పళ్లు చూడలేదు, గిట్టలు చూడలేదు, వంగి కన్ను కింద చూశారు, చూసి చాయ్ కూడా తాగకుండా లేచారు. రెండోవాడు పోతూ "దీన్నెవడు కొంటడు, కబేళాకు తోలు" అన్నాడు. ఆ మాట తర్వాతే. బేరగాళ్లు చేసే పని దేవేందర్ పాతబస్తీలో చూశాడు, చువ్వ కొనను కాల్చి సుడి మీద ఆనిస్తారు, పుండు మానాక అక్కడ వెంట్రుక రాదు, వెంట్రుక లేనిచోట సుడి లేదు. పొయ్యిలో బొగ్గులు ఎర్రబడ్డాయి. చేతికి తడి గుడ్డ చుట్టుకున్నాడు. షెడ్డులోకి నడిచాడు. జొన్న తల తిప్పి చూసింది. ఇక్కడ జ్ఞాపకం ఆగుతుంది, ప్రతిసారీ ఇక్కడే ఆగుతుంది, ఆగి, నెల దాటి, పుండు మానాక, హన్మంత్ వచ్చిన పొద్దున మళ్లీ మొదలవుతుంది. "సుడులేమన్న ఉన్నయా దేవేందర్?" "గుర్రం కండ్ల ముందటనే ఉన్నది గదా, చూస్కో." "ఈ మచ్చేంది?" "తీగ గీస్కపోయింది." మొదటి జవాబు అబద్ధం కాదు. రెండోది అబద్ధం. ఆ రెంటినీ వేరు చేసి, మొదటిదాన్ని ముందుకు జరిపి, రెండోదాన్ని దాని వెనక నిలబెట్టి చాలా ఏళ్లు గడిపాడు. ఎనిమిది నెలలకు హన్మంత్ భార్య రుక్కమ్మ పచ్చకామెర్లతో పోయింది. కబురు బస్టాండులో తెలిసింది. వెళ్లాడు. జనం వెనక నిలబడ్డాడు. వాకిట్లో కట్టేసిన జొన్న అతన్ని పసిగట్టి ముక్కులోంచి సకిలించింది, దాని మెడ పట్టుకుని పిల్ల నిలబడి ఉంది, పిల్ల తల ఎత్తి ఎవరొచ్చారా అని చూసింది, అతను పక్కకు తప్పుకున్నాడు. సుడి ఏమీ చేయదు, సుడి ఏమీ చేయదు అనుకుంటూ ఇంటిదాకా నడిచాడు. ఏమీ చేయనిదాన్ని ఎందుకు కాల్చినట్టు అని మాత్రం అనుకోలేదు.

నాలుగున్నర దాటింది. మచ్చ వేయొచ్చు, కానీ ఆమె వద్దంది. నున్నగా వదిలేయొచ్చు, ఆమె అడిగింది అదే, చూసి సంతోషపడుతుంది, మూడు రోజుల్లో ఆరుతుంది, తీసుకుపోతుంది, అలాంటి గుర్రం ఎన్నడూ పుట్టలేదని ఎవరికీ తెలియదు. సుడి వేస్తే అడుగుతుంది. అడిగితే చెప్పాలి. చెప్తే, అమ్మను మింగిన గుర్రం మెడ పట్టుకునా నేను పెరిగింది అనుకుంటుంది, చచ్చిన జొన్నకు చచ్చాక నింద. హన్మంత్ సంగతి సరే సరి. సుడి ఉందని తెలిసి ఉంటే హన్మంత్ కొనేవాడే కాదు, రుక్కమ్మ పోయిన తెల్లారి తెలిసినా జొన్నను వాకిట్లో ఒక్క పూట ఉంచేవాడు కాదు, పిల్లకు అమ్మ పోయిన ఏడే గుర్రమూ పోయేది. అంటే ఆ అబద్ధం పిల్లకు మేలే చేసింది. ఈ ఆలోచన ఇక్కడిదాకా చాలాసార్లు వచ్చింది, వచ్చిన ప్రతిసారీ అన్నీ సరిపోయాయి, సరిపోయినప్పుడల్లా అతనికి అనుమానం పుట్టింది, చొక్కా ఎక్కడా పట్టేయకుండా అతికినట్టు సరిపోయిందంటే ఆ కొలతలు నీవే అయి ఉంటాయి. ఫోను మోగింది. సంతోషి. "అన్నా, సార్ అన్నదానికి ఫికర్ పడకు. నీ గుర్రం నీకే ఎరుక. మేమెవ్వరం దాన్ని చూడలే." చూడలేదు, నిజమే. దాన్ని పుట్టినట్టు చూసినవాళ్లలో మల్లేశయ్య పోయాడు. ఆ ఇద్దరు బేరగాళ్ల పేర్లు తెలియవు. సునంద ఉంది, తానున్నాడు. ఒకసారి చువ్వతో తీసేశాడు. నున్నగా వదిలితే ఇది రెండోసారి తీసేయడం, ఈసారి కబేళా మాట అన్నవాడు కూడా ఎవడూ లేడు.

అన్నిటికంటే సన్న కుంచె తీశాడు, దానికి పదో పన్నెండో వెంట్రుకలుంటాయి. తెలుపు మీద తెలుపు కాబట్టి సుడి రంగుతో రాదు, వెంట్రుకల మధ్య నీడతో రావాలి. బూడిదలో గులాబీ కలిపి, ఒక్క చుక్క టర్పెంటైన్ తగిలించాడు. కొత్తవాళ్లు మొదట నడుమ చుక్క పెట్టి చుట్టూ తిప్పుతారు, అది చక్రమవుతుంది. సుడికి నడుమ ఏమీ ఉండదు, నాలుగు దిక్కుల నుంచి వచ్చిన వెంట్రుకలు ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ పోతాయి. కొన్ని గుర్రాలకు గడియారం ముల్లులా తిరుగుతుంది, జొన్నకు ఎదురు తిరిగేది. తలలో వెతికితే దొరకలేదు, చేతిలో దొరికింది, రోజూ మాలీషు చేసేటప్పుడు ఆ చోటు మీదుగా పోయిన బొటనవేలికి గుర్తుంది. పై నుంచి ఒక గీత, పక్క నుంచి ఒకటి, ఊపిరి బిగబట్టి ఒకటి, వదిలి ఒకటి. పదిహేడు గీతలు. జేసీబీ ఎప్పుడు ఆగిందో తెలియలేదు. తల ఎత్తేసరికి చాయ్ మీద మీగడ కట్టి ఉంది, కన్ను కింద సుడి ఉంది, ఫొటో తీసి గుంపుకు పంపుదామని ఫోను అందుకున్నాడు, మళ్లీ పెట్టేశాడు, ముందు చూడవలసింది వాళ్లు కాదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. శివాని ఒక్కతే వచ్చింది. రంగుకు తగలకుండా చున్నీని వెనక ముడేసుకుని బల్ల ముందు వంగింది. ఎదురుగా చూసింది, కుడి వైపు చూసింది, "జొన్న" అంది, ముక్కు ఎగబీల్చుకుంది. తర్వాత ఎడమ వైపుకు వచ్చింది.

"కంటికింద గిదేంది కాకా?"

"సుడి."

"దీనికి సుడుండెనా?"

"పుట్టంగనే ఉండె. కన్నీటి సుడంటరు, ఇంటికి మంచిది కాదంటరు. ఎవ్వరు కొనకుంటె నేనే కాల్చిన బిడ్డా. గదే మచ్చ. తీగ గీస్కపోయిందని మీ బాపుకు అబద్ధం చెప్పిన." పదమూడేళ్ల మాట ఇంత తొందరగా అయిపోతుందని అతను అనుకోలేదు. నోట్లో ఇంకేదో మిగిలినట్టే ఉంది. "తడి మీదున్నది. నువ్వు వద్దంటె తుడిచేస్త, నున్నగ చేసిస్త."

శివాని స్టూలు లాక్కుని కూర్చుంది. అతను గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"మా అమ్మ దీంతోనే పోయిందని అనుకుంటున్నవా నువ్వు?"

"నేననుకోలే. నువ్వనుకుంటవేమోనని..."

"అమ్మ పదిహేను దినాలు చెట్ల మందు తాగింది. దవాఖానకు రేపు పోదాం, ఎల్లుండి పోదాం అన్నడు బాపు. చిన్నదాన్నే గని నాకు యాదికున్నది. గుర్రమేం జేస్తది కాకా. బాపుకు మాత్రం చెప్పకు. ఇన్నేండ్ల సంది ఆయన ఆ తప్పును మోస్తుండు. సుడి ఉండెనంటె తీస్కపోయి జొన్న మీద పెడ్తడు. బరువు దించుకుంటె దించుకోనీ, గని జొన్న మీద వద్దు."

"తుడువాల్నా మరి?"

"వద్దు. ఉండనీ. గిట్లనే ఉండె గదా."

అతను గుడ్డ బల్ల మీద పడేశాడు. మంచం అంచు మీద కూర్చుని, చల్లారిన చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. అయిపోయింది అనుకున్నాడు. శివాని ఇంకా ఆ కన్నునే చూస్తోంది.

"కాల్చేటప్పుడు ఎవరు పట్టుకున్నరు?"

"ఏంది?"

"మా ఇంట్ల డాక్టర్ సూదేస్తనే నలుగురం పట్టుకునేటోళ్లం, అయినా ఆగకపోయేది. ఎవరు పట్టుకున్నరు దీన్ని? దేనికి కట్టేసినవ్?"

బొగ్గులు, తడి గుడ్డ, షెడ్డు, తల తిప్పి చూసిన జొన్న. ఈసారి ఆగలేదు.

"ఎవ్వరు పట్టుకోలే బిడ్డా" అన్నాడు దేవేందర్. "కట్టెయ్య గూడ లే. నేను చెయ్యి సాపితె దువ్వనీకె వచ్చిననుకున్నది. మొఖం తెచ్చి నా చేతి కాడ పెట్టింది."